ప్రోబయోటిక్ పేగుదాకా బతికి చేరాలంటే: ఆల్జినేట్ పూసలా, స్ప్రే పొడా, ఎంటరిక్ క్యాప్సూలా?

ప్రోబయోటిక్‌కి, అంటే మేలు చేసే బతికున్న బ్యాక్టీరియాకి, తొడుగు ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ బ్యాక్టీరియా ఎక్కడ చస్తోంది? ఆరబెట్టేటప్పుడు వేడికా, నిల్వలో తేమకా, కడుపులో ఆమ్లానికా? ఒక దెబ్బను కాచే తొడుగు రెండోదాన్ని కాయకపోవచ్చు. తినే సమయానికి గ్రాముకు కనీసం పది లక్షల నుంచి కోటి దాకా బతికున్న కణాలు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలమానం.

ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) పూసలకు వేడి అక్కర్లేదు, అదే వీటి పెద్ద బలం. 2 శాతం సోడియం ఆల్జినేట్ ద్రావణం చేయాలి. పొడి ఒక్కసారిగా పోస్తే ఉండలు కడుతుంది. కలుపుతున్న నీటిలో కొద్దికొద్దిగా చల్లి, రాత్రంతా వదిలేస్తే గాలిబుడగలు పోతాయి. బుడగలు మిగిలితే పూసలు తేలతాయి. సెలైన్‌తో కడిగిన కణాలను ఇందులో కలిపి, సూదితో 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్‌లోకి (డైహైడ్రేట్ అయితే లీటరుకు 14.7 గ్రాములు) చుక్కలుగా వదిలి, 30 నిమిషాలు గట్టిపడనివ్వాలి. పూసలకు తోకలు వస్తుంటే ద్రావణం మరీ చిక్కగా ఉందన్నమాట. ఫాస్ఫేట్ బఫర్‌తో మాత్రం కడగకండి: అది కాల్షియాన్ని లాగేసుకుంటుంది, పూస మెత్తబడి విచ్చిపోతుంది.

అయితే ఈ జెల్ నిండా సన్నని రంధ్రాలే, ఆమ్లం లోపలికి పాకుతుంది. అందుకే 0.4 శాతం కైటోసాన్ (రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే పదార్థం) పూత వేయకుండా వీటిని నమ్ముకోవద్దు. ఆ పూత పిత్తరసం దెబ్బనూ కొంత తగ్గిస్తుంది. పరిమాణం దగ్గర మరో చిక్కు: 100 మైక్రాన్లకంటే చిన్న పూసలు ఆమ్లం నుంచి పెద్దగా కాపాడవు, మిల్లీమీటరు దాటితే నాలుకకు తగులుతాయి. చల్లగా నిల్వ ఉంచే పాల ఉత్పత్తులకు ఇవి సరైనవి. సిట్రేట్ ఎక్కువున్న పానీయాలకు కాదు, అది పూసను కరిగిస్తుంది.

పెద్ద ఎత్తున, తక్కువ ఖర్చులో కావాలంటే స్ప్రే డ్రైయింగే, అంటే ద్రావణాన్ని వేడి గాలిలోకి తుంపరగా చల్లి పొడి చేయడమే. ఇక్కడ లోపలికి వెళ్లే గాలి వేడికన్నా బయటికొచ్చే గాలి వేడి చూడాలి. 80 డిగ్రీలు దాటితే లాక్టోబాసిల్లస్ జాతులు భారీగా చస్తాయి. 60కి దించితే బతుకుతాయిగానీ పొడిలో తేమ మిగిలి, నిల్వలో కణాలు నెమ్మదిగా పోతాయి. వాటర్ యాక్టివిటీ (పొడిలో బంధించి ఉండక విడిగా ఉన్న నీటి కొలత) 0.25 కన్నా తక్కువ ఉండేలా చూసుకోవాలి. ఇంకో సంగతి: మాల్టోడెక్స్‌ట్రిన్, వెన్న తీసిన పాలపొడి లాంటి వాహకాలు కడుపులోని నీటికే కరిగిపోతాయి. అంటే అవి నిల్వకు రక్షణే తప్ప ఆమ్లానికి అడ్డు కావు. బాసిల్లస్ కోయాగ్యులాన్స్ లాంటి స్పోర్ (గట్టి పెంకుతో నిద్రావస్థలో ఉండే రూపం) జాతులకు ఆ బెంగ పెద్దగా లేదు.

ఆమ్లమే అసలు శత్రువైతే ఎంటరిక్ క్యాప్సూల్‌దే (కడుపులో కరగకుండా పేగులో కరిగే పూత ఉన్నది) పైచేయి. ట్రెహలోజ్ అనే చక్కెర కలిపి ఫ్రీజ్ డ్రై చేసిన (గడ్డకట్టించి ఆరబెట్టిన) పొడిని నింపి, పైన యూడ్రాజిట్ ఎల్100-55 అనే పాలిమర్ పూస్తే, అది పీహెచ్ 5.5 దాటాకే కరుగుతుంది. అదే రకంలోని ఎస్100 కరగాలంటే 7 దాటాలి, కొందరి పేగులో ఆ స్థాయి రాకపోతే క్యాప్సూల్ తెరుచుకోకుండానే బయటికి పోవచ్చు. జెలటిన్ గుల్లలో 13 నుంచి 16 శాతం తేమ ఉంటుంది, అది పొడిలోకి దిగి కణాలను చంపుతుంది. హెచ్‌పీఎంసీ (మొక్కల సెల్యులోజ్‌తో చేసిన) గుల్లే వాడండి. గుల్ల మూత, అడుగు కలిసే అతుకు దగ్గర పూత పగిలే అవకాశం ఎక్కువ. క్యాప్సూల్ విప్పి ఆహారంలో కలిపితే రక్షణ పోయినట్టే. తెరుచుకున్నాక పిత్తరసాన్ని కణాలు సొంత బలంతోనే తట్టుకోవాలి, అందుకే ఆ బలమున్న జాతినే ఎంచుకోవాలి.

ఏది వాడినా పరీక్ష ఒకేలా చేయండి: 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రెండు గంటలు, తర్వాత పీహెచ్ 6.8 బఫర్. పూసలను లెక్కించేటప్పుడు వాటిని 1 శాతం సోడియం సిట్రేట్‌లో పూర్తిగా కరిగించాలి. లేకపోతే లక్షల కణాలున్న పూస ప్లేటు మీద ఒకే కాలనీగా కనబడి, మంచి తొడుగు కూడా విఫలమైనట్టు తేలుతుంది.