ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద లైనక్స్: చాలాకాలం వాడాక నా రివ్యూ

ఇంట్లో లాప్‌టాప్ ఒక్కటే, అందులో విండోస్ మా చెల్లి చదువుకి కావాలి కాబట్టి దాని జోలికెళ్ళేది లేదు, నాకేమో లైనక్స్ లేనిదే పనవ్వదు, అందుకే డెబియన్ 12 (లైనక్స్‌లో ఒక రకం) మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో వేసుకుని రోజూ దాని మీదే పని చేస్కుంటున్నా. లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచి తాత్కాలికంగా నడిపేది) కాదు, పూర్తి ఇన్‌స్టాల్, అప్‌డేట్లూ ఫైళ్ళూ సెట్టింగులూ అన్నీ అందులోనే ఉంటాయి.

మొదట్లో 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ వాడా. బూట్ అయితే అవుద్ది, కానీ ఫైర్‌ఫాక్స్ తెరిస్తే చాలు డిస్క్ లైటు ఆగకుండా కొట్టుకుంటానే ఉంటది, వెనకాల అప్‌డేట్ కూడా నడుస్తుంటే మౌస్ తప్ప ఏదీ కదల్దు. యూఎస్‌బీ 3.0 అంటే 5 జీబీపీఎస్ కదా ఇంకేం అనుకుంటారు చాలామంది, కానీ కేబుల్ ఎంత ఫాస్ట్ అయితే ఏంటి, బూట్ అప్పుడు చదవాల్సినవన్నీ చిన్న చిన్న ఫైళ్ళు, ఒక్కోదాని కోసం లోపల హెడ్ అటూ ఇటూ తిరగాల్సిందే. అదే సిస్టమ్‌ని సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) లోకి క్లోన్ చేసి, అంటే ఉన్నదున్నట్టు కాపీ చేసి, యూఏఎస్‌పీ (యూఎస్‌బీ మీద డిస్క్‌ని వేగంగా నడిపే పద్ధతి) సపోర్ట్ ఉన్న కేసులో పెట్టాక ప్రాణం లేచొచ్చింది. హార్డ్ డిస్క్ బ్యాకప్‌లకి ఉంచుకోండి, సిస్టమ్‌కి మాత్రం వద్దు.

అసలు జాగ్రత్త పడాల్సింది బూట్‌లోడర్ (ఆన్ చెయ్యగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) దగ్గర. లైనక్స్ బూట్‌లోడర్ అయిన గ్రబ్, లాప్‌టాప్ లోపలి డిస్క్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్‌లోడర్లు ఉండే చిన్న భాగం) లోకి పోతే, ఎక్స్‌టర్నల్ పీకేసి ఆన్ చేసినప్పుడు విండోస్ బదులు నల్ల స్క్రీన్ మీద గ్రబ్ ప్రాంప్ట్ వచ్చి కూర్చోవచ్చు, ఇంట్లో వాళ్ళు కంగారుపడతారు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనే చిన్న ఫ్యాట్32 ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, గ్రబ్‌ని రిమూవబుల్ ఆప్షన్‌తో ఇన్‌స్టాల్ చేస్తే అది ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో కూర్చుంటది, ఫర్మ్‌వేర్ (ఆన్ చెయ్యగానే ముందు నడిచే, మెషీన్‌లోనే ఉండే ప్రోగ్రామ్) బయటి డిస్క్‌లో వెతికే చోటు అదే, కాబట్టి డిస్క్ తీసుకెళ్ళి ఇంకో మెషీన్‌కి పెట్టినా లేస్తుంది. డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 కొట్టి ఆ ఒక్కసారికి డిస్క్ ఎంచుకోవడమే మంచిది, బయోస్‌లో బూట్ ఆర్డర్ శాశ్వతంగా మారిస్తే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ అడిగే ఛాన్స్ ఉంది.

ఇంకోటి, విండోస్‌లోకెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తది. లైనక్స్ మెషీన్ గడియారాన్ని యూటీసీ (మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్) లో పెడుతుంది, విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుంటది. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో మెషీన్ గడియారాన్ని లోకల్ టైమ్‌కి మార్చేస్తే సరి.

కేబుల్ విషయంలో మాత్రం రాజీ పడకండి. ఒళ్ళో పెట్టుకుని పనిచేస్తుంటే వదులుగా ఉన్న కనెక్టర్ ఒక్క క్షణం కదిలినా చాలు, తెరిచిన విండోలు అలాగే కనిపిస్తుంటాయి గానీ ఏ కమాండ్ కొట్టినా ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వస్తది, పవర్ బటన్ నొక్కడం తప్ప దారి ఉండదు. పొట్టి, గట్టి కేబుల్ కొనండి, హబ్ లేకుండా నేరుగా లాప్‌టాప్ పోర్టుకే పెట్టండి. డిస్క్ బ్యాగులో తిరుగుద్ది కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే డిస్క్‌లోవి చదవనివ్వని తాళం) కూడా ఆన్ చేస్కోండి.