స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్‌లోని తాళం: ఏడేళ్ళు వాడాక నా అభిప్రాయం

తూటాలు పట్టే సిలిండర్‌ను తెరిచే మీటకు సరిగ్గా పైన, తుపాకీ చట్రం (ఫ్రేమ్) ఎడమ పక్కన, మిరియపు గింజ పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. తుపాకీ లోపలి తాళానికి చెవి పెట్టేది ఇందులోనే. 2001 తర్వాత స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ తయారుచేసిన రివాల్వర్లలో ఎక్కువ వాటిని గుర్తుపట్టడానికి ఈ ఒక్క ఆనవాలు చాలు. అమెరికాలో రివాల్వర్లు ఉన్నవారు ఇద్దరు కలిశారంటే, తూటాల గురించో గురి గురించో మొదలైన మాట కాసేపటికి ఈ రంధ్రం దగ్గరికి చేరుతుంది. నేను టెక్సస్‌లో స్థిరపడ్డాను. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. ఈ కంపెనీ 686 మోడల్‌ను ఏడేళ్ళుగా వాడుతున్నాను. ఇక్కడి మన తెలుగు కుటుంబాలలో మొదటిసారి తుపాకీ కొనబోయేవారు “తాళం ఉన్నది తీసుకోమంటారా అన్నా, లేనిదా?” అని తరచూ అడుగుతున్నారు కనుక, తుపాకీ మొత్తాన్ని పక్కనపెట్టి ఈ తాళం గురించి మాత్రమే రాస్తున్నాను.

పెట్టెలో తుపాకీతోపాటు రెండు చిన్న తాళంచెవులు వస్తాయి. వాటి కొస గొట్టంలా బోలుగా ఉంటుంది. సిలిండర్ ఖాళీ చేసి, చెవిని రంధ్రంలో పెట్టి, పక్కన చెక్కిన బాణం గుర్తు చూపే వైపు తిప్పితే, లోపల ఏదో జారి కుదురుకున్నట్టు వేళ్ళకు తెలుస్తుంది. అప్పుడు, తూటాను పేల్చడానికి కొట్టే హ్యామర్ పక్కనున్న సందులోంచి సన్నని ఉక్కు రేకు ఒకటి పైకి లేస్తుంది. అది లేచి నిలబడినంతసేపూ హ్యామర్ వెనక్కి రాదు, ట్రిగ్గర్ పనిచేయదు. చీకట్లో కూడా బొటనవేలితో తడిమి తాళం పడిందో లేదో తెలుసుకోవచ్చు. ఈ అమరికలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. ట్రిగ్గర్‌కు బయటినుంచి బిగించే తాళాల మాదిరిగా ఇది ఎక్కడో పోయేది కాదు, ఫ్రేమ్ మీద గీతలు పెట్టేదీ కాదు.

ఇంత చిన్న రేకు మీద అంత కోపం ఎందుకో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1852 నాటి ఈ కంపెనీ 1987 నుంచి టామ్‌కిన్స్ అనే బ్రిటిష్ సంస్థ చేతిలో ఉండేది. 2000 మార్చిలో అది క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, తన చేతి తుపాకులకు ముందు బయటి తాళాలు, 24 నెలలలోగా లోపలి తాళాలు అమరుస్తానని మాట ఇచ్చింది. తుపాకులున్నవారు దానిని ద్రోహంగా భావించి ఆ కంపెనీ సరుకు కొనడం మానేశారు, అమ్మకాలు కుప్పకూలాయి. మరుసటి ఏడాది మే నెలలో అరిజోనాకు చెందిన సేఫ్-టి-హ్యామర్ అనే చిన్న కంపెనీ, అప్పుల భారాన్ని కూడా నెత్తికెత్తుకుంటూ, దీనిని కోటిన్నర డాలర్లకు కొనుక్కుంది. తుపాకులకు తాళాలు చేయడమే ఆ చిన్న కంపెనీ పని. అందువల్ల ఒప్పందాన్ని తలపెట్టిన యజమాని వెళ్ళిపోయినా తాళం మాత్రం వచ్చి కూర్చుంది. గిట్టనివారు ఆ రంధ్రానికి హిల్లరీ క్లింటన్ పేరు తగిలించారు. తాళం రూపకల్పనలో ఆమె ప్రమేయమేమీ లేకపోయినా ఆ పేరు పాతికేళ్ళుగా అలాగే నిలిచిపోయింది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. 1970లలో కొన్న ఇదే కంపెనీ 19 మోడల్ ఇప్పటికీ ఆయన దగ్గర అద్దంలా మెరుస్తూ ఉంది. నా 686ను చేతిలోకి తీసుకుని, సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందని చూసుకుని, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. చివరికి ఆయన అన్నదాని సారాంశం ఇది: రివాల్వర్‌ను జనం నమ్మేదే, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుందని, మధ్యలో గుర్తుపెట్టుకుని తిప్పవలసిన మీటలేవీ ఉండవని; అలాంటి యంత్రంలోకి దానిని ఆపడం తప్ప మరో పనిలేని భాగాన్ని చేర్చడం ఆయనకు ఎంతమాత్రం మింగుడుపడదు. ఆయనది ఛాందసమని నేను అనను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే వస్తువులో అదనపు భాగం ఏదైనా, అది ఎందుకు ఉండాలో రుజువు చేయవలసిన బాధ్యత దానిని పెట్టినవారిదే.

ఇక యంత్రపరమైన ఆరోపణ. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే అదురుకు, కిందికి నొక్కిపెట్టే చిన్న స్ప్రింగ్‌ను కాదని రేకు తనంతట తానే పైకి లేచి, తుపాకీ మధ్యలో బిగుసుకుపోయిందని కొందరు చెప్పారు. అలా చెప్పినవాటిలో ఎక్కువగా వినిపించేవి స్కాండియం మిశ్రమంతో చేసిన తేలిక తుపాకులు: .357 మాగ్నమ్ (మామూలు వాటికన్నా గట్టిగా తన్నే తూటా) వాడే 340పీడీ, .44 మాగ్నమ్ వాడే 329పీడీ. కారణం ఊహించడం కష్టం కాదు. 340పీడీ బరువు దాదాపు 330 గ్రాములు. నా 686 కిలోకు పైమాటే. ఒకే మాగ్నమ్ తూటా పేల్చినా, తేలిక ఫ్రేమ్ ఎంతో వేగంగా వెనక్కి ఎగిరిపడుతుంది, లోపలి రేకు మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. అప్పుడు భారమంతా ఆ చిన్న స్ప్రింగ్ మీద పడుతుంది. నా తుపాకీలో మూడు వేలకు పైగా తూటాలు కాల్చాను, వాటిలో మాగ్నమ్‌లు కూడా చాలానే ఉన్నాయి. ఒక్కసారి కూడా రేకు లేవలేదు. బరువైన ఉక్కు ఫ్రేమ్ ఉన్నవారు ఈ విషయంలో భయపడవలసిన పనిలేదని నా అనుభవం చెబుతున్నది. జేబులో పెట్టుకునే తేలికపాటి మాగ్నమ్ కొనేవారికి మాత్రం ఆ మాట నేను చెప్పలేను. పందెం కట్టవలసింది వారి ప్రాణం మీద.

తాళం వైపున్న వాదాన్ని ఇక్కడి షాపుల్లో చాలామంది చప్పరించి వదిలేస్తారు, అది న్యాయం కాదు. టెక్సస్ చట్టం ప్రకారం 17 ఏళ్ళలోపు పిల్లలకు పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం నేరం. మేరీలాండ్‌లోనైతే 2003 నుంచి కొత్త చేతి తుపాకీలో లోపలి తాళం ఉంటేనే అమ్మాలి. 2005 నాటి ఫెడరల్ చట్టం వల్ల లైసెన్సు ఉన్న వ్యాపారులు చేతి తుపాకీతోపాటు ఏదో ఒక తాళమో భద్రపరిచే సాధనమో ఇవ్వాలి. చట్టాల మాట అలా ఉంచినా, తుపాకీ శుభ్రం చేస్తుండగా కాలింగ్ బెల్ మోగి లేవవలసి వస్తే, సేఫ్ దాకా వెళ్ళే ముందు ఒక్క తిప్పుతో దానిని ఉత్త ఇనుపముక్కగా మార్చేయవచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో ఆ ఒక్క తిప్పు విలువ నాకు తెలుసు.

అయితే ఒక లోపాన్ని గట్టిగా చెప్పాలి. ఈ తాళాలకు విడివిడి చెవులు లేవు. ఒక స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్ చెవి మరోదానికి పడుతుంది. దొంగను ఇది ఆపదు. ఆ చెవి ఎక్కడుందో తెలిసిన పదిహేనేళ్ళ కుర్రవాడినీ ఆపదు. దీనిని నమ్ముకుని సేఫ్ కొనకుండా ఊరుకుంటే తాళం వేసి గొళ్ళెం మరిచినట్టే అవుతుంది. మా ఇంట్లో తుపాకీ సేఫ్‌లో ఉంటుంది, తూటాలు వేరే అరలో ఉంటాయి, చెవి నా కారు తాళాల గుత్తికి ఉంటుంది.

ఇతర కంపెనీల పద్ధతులు చూస్తే ఈ రూపకల్పన ఇంకా మెరుగ్గా ఉండవచ్చుననిపిస్తుంది. బ్రెజిల్‌కు చెందిన టారస్ 1997లోనే హ్యామర్ వెనుక భాగంలో చిన్న మరలాంటిది పెట్టింది. చెవితో తిప్పితే అది పైకి వచ్చి హ్యామర్‌ను ఆపుతుంది. రూగర్ తన న్యూ వకేరో మోడల్‌లో తాళాన్ని పిడి చెక్క కింద దాచింది. కావలసినవారు చెక్కకు రంధ్రం చేసుకుని వాడుకోవచ్చు, వద్దనుకున్నవారికి అది ఉన్నట్టే తెలియదు. రూగర్ మీద ఇంత రగడ జరగకపోవడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. కంటికి కనిపించే చోట, పాత నమూనాల అందమైన ఫ్రేమ్ మధ్యలో రంధ్రం చేయడం స్మిత్ అండ్ వెస్సన్ చేసిన పెద్ద పొరపాటు.

కొందరు లోపలి రేకును పీకేసి, రంధ్రానికి బిరడాలాంటి ముక్క బిగించుకుంటారు. నేను ఆ పనికి ఒప్పుకోను. ఆత్మరక్షణ కోసం కాల్చవలసి వచ్చి వ్యవహారం కోర్టుకు చేరితే, “భద్రత కోసం పెట్టిన భాగాన్ని మీ చేతులతో మీరే తీసేశారా?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన అవస్థ ఎవరికీ వద్దు. తాళం ఇష్టం లేనివారు మొదటే లేనిదాన్ని కొనుక్కోవాలి. ఇప్పుడు అందుకు దారి ఉంది: హ్యామర్ లోపలే ఉండే 442, 642 మోడళ్ళు తాళం లేకుండా చాలా ఏళ్ళుగా దొరుకుతున్నాయి, 2024లో లిప్సీస్ అనే టోకు వ్యాపార సంస్థతో కలిసి తెచ్చిన అల్టిమేట్ క్యారీ రివాల్వర్లలోనూ తాళం లేదు.

మొదటి తుపాకీ కొనే తెలుగువారికి నేను చెప్పేది ఇది. ఇంట్లో ఉంచుకోవడానికీ, వారాంతంలో కాల్పుల సాధన చేసే రేంజ్‌కు తీసుకెళ్ళడానికీ 686 లాంటి బరువైన ఉక్కు రివాల్వర్ కావాలంటే, తాళం ఉందని వెనకాడవద్దు; నేను ఐదుకు మూడున్నర మార్కులు వేస్తాను. రోజూ వెంట ఉంచుకోవడానికైతే తాళం లేని 642 తీసుకోండి. షాపులో నిలబడి ఉండగానే చెవి అడిగి, ఖాళీ తుపాకీకి పదిసార్లు తాళం వేసి తీసి, ప్రతిసారీ రేకు పూర్తిగా కిందికి దిగుతోందో లేదో బొటనవేలితో తడిమి చూడండి. సగంలో ఆగినట్టు అనిపిస్తే ఆ తుపాకీని అక్కడే వదిలి, ఇంకొకటి చూపించమనండి.