ఇంటి సర్వర్‌కి పాత ల్యాప్‌టాపా, పాత డెస్క్‌టాపా?

ఇంట్లోవాళ్ల ఫైళ్లు దాచుకోవడానికీ, ఇలాంటి చిన్న పనులకీ రోజంతా ఆన్‌లో ఉంచే కంప్యూటరే ఇంటి సర్వర్. దాన్ని నడిపే డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) రెండింట్లోనూ ఉచితంగానే ఎక్కుతుంది. తేడాలు మొదలయ్యేది ఆ తర్వాతే.

కరెంటు బిల్లు: డెస్క్‌టాప్ రోజంతా 60 వాట్లు లాగితే నెలకు 43 యూనిట్లు. ల్యాప్‌టాప్ 15 వాట్లతో సరిపెట్టుకుంటే 11 యూనిట్లే. స్లాబు అంచున ఉన్న ఇంటికి ఇది చిన్న తేడా కాదు.

కరెంటు పోతే: ల్యాప్‌టాప్‌కి బ్యాటరీయే యూపీఎస్. డెస్క్‌టాప్ టక్కున ఆగిపోతుంది, రాస్తున్న ఫైలు పాడవ్వచ్చు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాంలో) సెట్టింగు ఉంటే, కరెంటు రాగానే కనీసం తనంతట తనే ఆన్ అవుతుంది.

డిస్కులు: ఇక్కడ డెస్క్‌టాప్‌దే పైచేయి. రెండు పెద్ద హార్డ్‌డిస్కులు లోపలే బిగించి, ఒకదాని కాపీ ఇంకోదాన్లో ఉంచొచ్చు. ల్యాప్‌టాప్‌కి చాలాసార్లు యూఎస్‌బీ డిస్కే గతి. కేబుల్ కాస్త కదిలిందా, డిస్కు మాయం!

రిస్కు: ఎప్పుడూ చార్జింగ్‌లో ఉండే పాత బ్యాటరీ ఉబ్బొచ్చు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే వెంటనే ఆపేసి, బ్యాటరీ తీయించేయాలి.

శ్రమ: ల్యాప్‌టాప్ మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగు మార్చాలి. డెస్క్‌టాప్‌కి దుమ్ము దులపాలి, అంతే.

ఫోన్ ఫొటోల బ్యాకప్, ప్రకటనలు ఆపే పై-హోల్ అనే ప్రోగ్రాం వరకైతే ల్యాప్‌టాప్ చాలు. టెరాబైట్ల కొద్దీ సినిమాలు, పెళ్లి వీడియోలు ఉంటే డెస్క్‌టాపే, చిన్న యూపీఎస్‌తో కలిపి.