ఆ ప్లస్ వన్ ఎక్కడి నుంచి వచ్చింది? సైబర్‌పంక్ రెడ్‌తో నాలుగేళ్లు

సైబర్‌పంక్ రెడ్ అనే టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ ఆట 2020 నవంబరులో వచ్చింది. మా ఐదుగురం నాలుగేళ్లకు పైగా, దాదాపు ప్రతి ఆదివారం ఆడుతున్నాం. ఆట నడిపే జీఎం (గేమ్ మాస్టర్) నేనే. ఇన్నాళ్లలో కథ ఎటు పోవాలన్న దాని మీద మేం పేచీ పడింది తక్కువ. పేచీ అంతా సామాన్లు ఇచ్చే బోనస్‌ల మీదే. ఏది దేనితో కలుస్తుంది, ఏది కలవదు అన్నదే ఎప్పుడూ పంచాయితీ. ఆట మొత్తం గురించి చాలామంది రాశారు కాబట్టి నేను ఈ ఒక్క విషయమే రాస్తాను.

ఆడని వాళ్ల కోసం రెండు మాటలు. స్టాట్‌కి (పాత్ర సహజ సామర్థ్యం) స్కిల్ (నేర్చుకున్న నైపుణ్యం) కలిపి, దానికి పది ముఖాల డైస్ మీద పడిన అంకె కలుపుతాం. వచ్చిన మొత్తం జీఎం చెప్పిన డీవీని, అంటే ఆ పని ఎంత కష్టమో చెప్పే అంకెని, దాటాలి. సమానంగా వస్తే చాలదు, దాటాల్సిందే. డైస్ ఒక్కటే కాబట్టి ప్రతి ప్లస్ వన్ మామూలుగా పది శాతం అవకాశం కింద లెక్క. మా వాళ్లు ఒక్క ప్లస్ కోసం అరగంట వాదించడానికి కారణం ఇదే, అందులో తప్పేమీ లేదు.

మా మొదటి పెద్ద పంచాయితీ ఆటలోని నగరం నైట్ సిటీలో ఒక మేడ మీద జరిగింది. సోలో (పోరాటగాడి పాత్ర) ఆడే తమ్ముడు 60 మీటర్ల దూరంలో ఉన్న గార్డు తలకి అసాల్ట్ రైఫిల్ గురిపెట్టాడు. రెఫ్లెక్స్ 8, షోల్డర్ ఆర్మ్స్ 6, కలిపితే 14. తల లాంటి ఒక్క చోటికే గురిపెట్టే ఎయిమ్డ్ షాట్ కాబట్టి 8 తీసేస్తే మిగిలేది 6. ఆ దూరానికి రైఫిల్ డీవీ 15. అంటే డైస్ మీద 10 పడితేనే తగులుతుంది, పది శాతం. అప్పుడు వాడు తన క్యారెక్టర్ షీట్ తీసి ఒక్కొక్కటే చదివాడు. ఎక్సలెంట్ క్వాలిటీ రైఫిల్ ప్లస్ 1. స్మార్ట్‌గన్ లింక్ ప్లస్ 1. కంట్లో టెలిఆప్టిక్స్ ప్లస్ 1. అదే కంట్లో టార్గెటింగ్ స్కోప్ ప్లస్ 1. రైఫిల్ మీద స్నైపింగ్ స్కోప్ ఇంకో ప్లస్ 1. "అన్నా, మొత్తం ఐదు. స్లాట్లు కూడా సరిపోయాయి చూడు" అన్నాడు. తుపాకీకి పరికరాలు తగిలించే స్లాట్ల లెక్క నిజమే. లింక్‌కి రెండు, స్నైపింగ్ స్కోప్‌కి ఒకటి, రైఫిల్‌కి ఉన్న మూడూ నిండాయి.

పుస్తకం తీసి చూశాం. టెలిఆప్టిక్స్, స్నైపింగ్ స్కోప్ ఒకదానితో ఒకటి కలవవని స్పష్టంగా రాసి ఉంది. ఒకటి పోయింది. మిగతా నాలుగింటి దగ్గర అలాంటి మాట లేదు. అక్కడ నేను తీసుకున్న నిర్ణయమే ఇప్పటికీ మా టేబుల్ మీద నడుస్తోంది. వద్దనుకున్న చోట పుస్తకం వద్దని రాసింది కాబట్టి, రాయని చోట కలుస్తాయి. ఇంకో కోణంలో చూసినా నాకు ఇదే సబబు అనిపించింది. తుపాకీ తయారీ ఒకటి, తుపాకీకీ నరాలకీ ఉన్న లింక్ ఇంకొకటి, దూరపు చూపు వేరు, గురి వేరు. నాలుగూ నాలుగు చోట్ల నుంచి వస్తున్నాయి. టెలిఆప్టిక్స్, స్నైపింగ్ స్కోప్ మాత్రం ఒకే పనిని రెండుసార్లు చేస్తున్నాయి. తమ్ముడికి 6 పడితే చాలన్నాను. పది శాతం కాస్తా యాభై అయింది.

నేను అసలు నేర్చుకున్నది తర్వాతి వారం. అదే తమ్ముడు అలాంటి షాటే 45 మీటర్ల నుంచి కొట్టాలనుకున్నాడు. టెలిఆప్టిక్స్ 51 మీటర్లు, ఆపైన ఉన్న వాటికే పనిచేస్తుంది కాబట్టి ఆ ప్లస్ పోయింది. వాడి ముఖం వాడిపోయింది. కానీ 26 నుంచి 50 మీటర్ల మధ్య రైఫిల్ డీవీ 13. లెక్క వేస్తే 5 పడితే చాలు, అరవై శాతం! ఒక బోనస్ పోగొట్టుకుని కూడా ముందుకన్నా మంచి స్థితిలో ఉన్నాడు. అప్పటి నుంచి మా వాళ్లు సామాను జాబితా కన్నా ముందు దూరాల పట్టిక చూస్తున్నారు. ఆటకి అది చాలా మేలు చేసింది. మేడలు, సందులు, కిటికీలు అన్నీ లెక్కలోకి వచ్చాయి.

షరతు చదవడం అలవాటు కావాలి. టార్గెటింగ్ స్కోప్ ఎయిమ్డ్ షాట్‌కే. టెలిఆప్టిక్స్ సింగిల్ షాట్‌కి, ఎయిమ్డ్ షాట్‌కి మాత్రమే, తూటాలు వరుసగా కురిపించే ఆటోఫైర్‌కి రాదు. ఇమేజ్ ఎన్‌హాన్స్ ఇచ్చే ప్లస్ 2 పర్సెప్షన్‌కి వర్తిస్తుంది కానీ కంటితో చూసే పనికే. తలుపు అవతల అడుగుల చప్పుడు వినడానికి అది పనికిరాదు, దానికి యాంప్లిఫైడ్ హియరింగ్ ఉండాలి. స్కిల్ పేరు ఒకటే కావడంతో మా వాళ్లు చాలాసార్లు పొరపడ్డారు.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది బోనస్‌కి పెట్టిన ఖరీదు. డబ్బు సంగతి కాదు, హ్యుమానిటీ. అంటే మనిషితనాన్ని కొలిచే అంకె, ఒంట్లో యంత్రాలు పెట్టించుకున్న కొద్దీ తగ్గుతుంది. తమ్ముడి షాట్ వెనక ఏముందో చూడండి. న్యూరల్ లింక్‌కి 7, స్మార్ట్‌గన్ కోసం సబ్‌డెర్మల్ గ్రిప్‌కి 3, సైబర్ కన్నుకి 7, అందులో రెండు పరికరాలకీ చెరి 3. మొత్తం 23. హ్యుమానిటీలో పదుల స్థానంలోని అంకే ఎంపతీ స్టాట్. ఎంపతీ 6తో మొదలైన మనిషికి హ్యుమానిటీ 60 ఉంటుంది, అది 37కి దిగుతుంది, ఎంపతీ 3 అవుతుంది. గురిలో మూడు ప్లస్‌లు వచ్చాయి, ఎదుటి మనిషితో మాట్లాడే ప్రతి ఎంపతీ స్కిల్‌లో మూడు పోయాయి. వాయిస్ స్ట్రెస్ అనలైజర్ ఇంకా విచిత్రం. ఎంపతీ స్కిలే అయిన హ్యూమన్ పర్సెప్షన్‌కి ప్లస్ 2 ఇస్తుంది. కానీ దానికి కావాల్సిన సైబర్ ఆడియో సూట్‌తో కలిపి హ్యుమానిటీ 10 తగ్గుతుంది, ఎంపతీ ఒకటి పడిపోతుంది. చేతిలో మిగిలేది ఒక్కటే. ఎదుటివాడు అబద్ధం ఆడుతున్నాడని యంత్రం చెబుతుంటే, మనిషికి సొంతంగా పసిగట్టే శక్తి తగ్గిపోతుంటుంది. మీడియా (విలేకరి పాత్ర) ఆడే మా అక్క ఈ లెక్క చూసి ఆ పరికరం పెట్టించుకోకుండా ఆగిపోయింది. క్యారెక్టర్ గురించి మా టేబుల్ మీద జరిగిన మంచి సంభాషణల్లో అదొకటి.

కవచాల విషయంలో తగాదాకి తావే లేదు. ఒక చోట ఎక్కువ ఎస్పీ (దెబ్బను ఆపే శక్తి) ఉన్నదే లెక్క. చర్మంలోనే ఉండే స్కిన్‌వీవ్ 7, పైన తొడిగే లైట్ ఆర్మర్‌జాక్ 11 ఉంటే మీకున్నది 11, పద్దెనిమిది కాదు. "సైబర్‌పంక్ 2020" అనే పాత ఎడిషన్ ఆడి వచ్చిన వాళ్లకి పొరల మీద పొరలు వేసే అలవాటు ఉంటుంది, ముందే చెప్పేయండి. అలాగే వేగం పెంచే పరికరాలు శాండెవిస్టాన్, కెరెన్‌జికోవ్ రెండూ ఒకేసారి పెట్టించుకోలేరు.

లోటు ఎక్కడంటే, పక్కన అంకె లేని సామాన్ల దగ్గర. "నా దగ్గర తాడు ఉంది, ఎంత ప్లస్?" అని అడిగితే ఏం చెప్పాలో మొదట్లో నాకు తెలిసేది కాదు, ఉదారంగా ప్లస్ 2 ఇచ్చేసేవాణ్ని. ఆరు నెలలకే డబ్బు పెట్టి కొన్న పరికరాలకి విలువ లేకుండా పోయింది. ఇప్పుడు పద్ధతి మార్చాను. అంకె లేని సామాను ఆ పని చేసే వీలు ఇస్తుంది. తాళాలు తీసే సెట్ ఉంటేనే తాళం మీద చెయ్యి వేయగలరు. బాగా సరిపోయే సామాను అయితే డీవీని 17 నుంచి 15కి దించుతాను. బిల్డింగ్ ప్లాన్ లాంటిది సంపాదించి, దాన్ని సరిగ్గా చదివారని ఇంకో స్కిల్ చెక్‌తో నిరూపిస్తే కాంప్లిమెంటరీ చెక్ కింద ప్లస్ 1 ఇస్తాను, అదీ ఒక్కసారికే.

కొత్తగా జీఎం అవుతున్న వాళ్లకి నేనిచ్చే సలహా ఒకటుంది. షీట్ మీద ఒట్టి "ప్లస్ 3" అని రాయనివ్వకండి. ప్రతి ప్లస్ పక్కన అది ఏ వస్తువుది, ఏ షరతు మీద వస్తుంది అని రాయించండి. మా వాళ్లు రెండేళ్లుగా పెన్సిల్‌తో అలాగే రాస్తున్నారు. తమ్ముడి షీట్‌లో టెలిఆప్టిక్స్ పక్కన "51" అని పెద్దగా ఉంటుంది, కింద రెండు గీతలతో.