చిక్‌పేట సండే బజార్: పోతే తెల్లారే పోండి

మా నాన్న హెచ్ఎంటీ జనతా వాచీకి కీ ఇచ్చే బొడిపె ఊడిపోయింది, హిందూపురంలో ఇద్దరు రిపేరోళ్లకి చూపిస్తే కంపెనీ మూతపడింది సార్ పార్టులు దొరకవు అన్నారు, 2016లోనే మూసేశారు గదా. అదే మోడల్ పాతది ఒకటి కొని దాంట్లోంచి పీకి వేయిద్దామని మొన్న ఆదివారం చిక్‌పేట పోయా. బెంగళూరొచ్చి ఏడేళ్లయినా మారతహళ్లి దాటి అటుపక్క తిరగలేదు, అది వేరే సంగతి.

అందరూ చోర్ బజార్ అంటారు. బీవీకే అయ్యంగార్ రోడ్డులో మామూలు రోజుల్లో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపులు, ఆదివారం షట్టర్లు దించేస్తారు, ఆ షట్టర్ల ముందే పట్టాలు పరిచి పాత సామాను పోస్తారు. పానాలు, డ్రిల్లు మెషిన్లు, ఫిల్మ్ కెమెరాలు, డంబెల్స్, ఒంటి కాలి బూట్లు కూడా. ఆదివారం మెట్రో లేటుగా మొదలవుద్దని బైకేసుకుని ఆరున్నరకి పోయా, మంచిదయింది, తొమ్మిదయ్యేసరికి కాలు పెట్టే చోటు లేదు.

వాచీలు కుప్పలు కుప్పలున్నాయి గానీ సగానికి పైగా డయల్‌కి మళ్లీ రంగేసినవే. కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి, అసలు డయల్ మీద అక్షరాలు సన్నగా నీటుగా ఉంటాయి, రంగేసినదాని మీద లావుగా అలుక్కుపోయినట్టుంటాయి. వెనక మూత తీసి చూపించమనండి, తీయనంటే ముందుకు పోండి. నాకు దొరికినదాని డయల్ పసుపెక్కిపోయింది, 17 జ్యూయెల్స్ (లోపల చక్రాలు అరక్కుండా పెట్టే చిన్న రాళ్లు) అని సరిగ్గా కనపడను కూడా కనపడదు, కానీ లోపల శుభ్రంగా ఉంది. కన్నడంలో ఎష్టు (ఎంత) అంటే 1200 అన్నాడు. ఇంతలో అమ్మ ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడా, వెంటనే "ఏ ఊరు సార్, మాది కదిరి" అన్నాడు, 650కి ఇచ్చాడు. మనోడని తగ్గించాడనుకున్నా, పది అడుగులేస్తే ఇంకొకాయన అట్లాంటిదే 500 చెప్తన్నాడు.

ప్లగ్గు పెట్టే సామాను మాత్రం కొనకండి, అక్కడ టెస్ట్ చేసి చూసుకోవడానికి కరెంటు లేదు. నేను కొన్న రేడియో ఇంటికొచ్చి గుర్రుమని ఒక్కసారి మూలిగి పోయింది.

తర్వాత అవెన్యూ రోడ్డు నడిచా, పాత పేరు దొడ్డపేట, సెకండ్ హ్యాండ్ పుస్తకాలకి ఫేమస్. కెంపేగౌడ 1537లో ఊరు కట్టించినప్పటి పేటలు ఇవి, ఏ పేటలో ఏం అమ్మేవాళ్లో పేరులోనే ఉంటుంది, అక్కిపేట అంటే బియ్యం, బళేపేట అంటే గాజులు. ఆ బళేపేటలోనే 1926 నుంచి ఉన్న ఉడుపి శ్రీకృష్ణ భవన్‌లో సాగు (కూరగాయల కుర్మా) పెట్టిన మసాలా దోశ తినండి, తిరిగిన అలసట అక్కడే పోద్ది.

వాచీ తిరుగుతోంది, నాన్న పెట్టుకున్నాడు. ఐదుకి నాలుగు ఇస్తా, పార్కింగ్‌కి, బాత్రూముకి పడిన తిప్పలకి ఒకటి కట్. ఇత్తడి తాళం కప్ప కూడా ఒకటి కొన్నా, చెవి లేదు, ఎందుకు కొన్నానో అడగొద్దు.