పళ్లకు చేటు చేసే అలవాట్లు: మానేయడమా, మళ్లించడమా, అడ్డు పెట్టడమా?

గోళ్లు కొరకడం, పెన్ను మూత నమలడం, ఐస్ ముక్కలను పటపట కొరకడం, సీసా మూతను పంటితో లాగడం, తీపి పానీయాన్ని గంటల తరబడి గుక్క గుక్కగా తాగుతూ కూర్చోవడం పళ్లకు మంచివి కావని తెలియనివారు అరుదు. తెలిసినా వదలకపోవడమే చిక్కు. వదిలించుకోవడానికి స్థూలంగా మూడు దారులున్నాయి: పట్టుబట్టి ఒక్కసారిగా మానేయడం, ఆ అలవాటు చోట హాని లేని మరో పనిని పెట్టుకోవడం, చేదు పూత లేదా పళ్లకు తొడిగే గార్డు వంటి అడ్డు పెట్టుకోవడం. వీటిలో ఏది మేలన్నది, ఆ పని చేస్తున్న క్షణంలో మనకు ఆ సంగతి తెలుస్తోందా లేదా అన్నదానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

తెలిసి చేసే పనులకు మొదటి దారే సరైనది. సీసా మూతను పంటితో తీసేవారెవరూ పరధ్యానంలో తీయరు కనుక, దాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుందామనడంలో అర్థం లేదు. పంటి పైపొర అయిన ఎనామెల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అందులో జీవకణాలు ఉండవు కాబట్టి విరిగిన ముక్క ఎముకలా తిరిగి అతుక్కోదు. ఐస్ నమలడం కూడా ఇలా మానదగ్గదే. అయితే ఐస్ మీద ఆపుకోలేనంత యావ ఉన్నవారిలో కొందరికి ఇనుము లోపం ఉంటుంది. అటువంటివారు తమ మనోబలాన్ని నిందించుకునే ముందు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

పానీయాల విషయానికి వస్తే, చాలామంది తాగే మోతాదును సగానికి తగ్గించి, ఆ సగాన్నే రెండు గంటలపాటు తాగుతారు. దీనికన్నా పూర్తి గ్లాసును భోజనంతోపాటు ఒకేసారి తాగడం పళ్లకు తక్కువ హాని చేస్తుంది. నోట్లోకి చక్కెర చేరిన కొద్ది నిమిషాలకే పంటి మీది పాచిలోని బాక్టీరియా ఆమ్లాన్ని తయారు చేస్తుంది. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) సుమారు 5.5 కన్నా దిగితే ఎనామెల్ నుంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేర్చగలదు కానీ, అందుకు అరగంట నుంచి గంట దాకా పడుతుంది. పది నిమిషాలకొక గుక్క తాగేవారి నోటికి ఆ వ్యవధి దొరకనే దొరకదు. ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యమని స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో 1945 నుంచి కొన్నేళ్లపాటు సాగిన ప్రయోగాలు చూపాయి. మానసిక వైకల్యమున్న నిస్సహాయులకు జిగురు మిఠాయిలు పెట్టి మరీ పళ్లు పుచ్చనిచ్చిన ఆ పద్ధతిని మాత్రం సమర్థించలేము. పుల్లని పానీయం తాగిన వెంటనే బ్రష్ చేయడం కన్నా, నీళ్లతో పుక్కిలించి అరగంటైనా ఆగడం మేలు. ఆమ్లానికి మెత్తబడిన పొర బ్రష్ రాపిడికి సులువుగా అరుగుతుంది.

గోళ్లు కొరకడం, పగటిపూట పళ్లు బిగబట్టడం వంటివి మనకు తెలియకుండానే జరిగిపోతాయి. వేలు నోట్లోకి వెళ్లాక గానీ గుర్తురాని పనిని మానేస్తానని ఒట్టు పెట్టుకుంటే ప్రయోజనం తక్కువ. ఇక్కడ మళ్లింపే గెలుస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్తలు అజ్రిన్, నన్ 1973లో ప్రకటించిన పద్ధతిలో మొదటి మెట్టు, ఆ పని ఎప్పుడు, ఏ సందర్భంలో మొదలవుతోందో గమనించడం. రెండోది, చెయ్యి పైకి లేవగానే పిడికిలి బిగించడం వంటి, దానికి అడ్డుపడే మరో పనిని కాసేపు చేయడం. పగటిపూట పళ్లు బిగించేవారు పెదవులు కలిపి, పళ్లు మాత్రం విడిగా ఉంచడం అభ్యసించాలి. పెన్ను మూతకు బదులు చక్కెర బిళ్ల బుగ్గన పెట్టుకోవడం మళ్లింపు కాదు, ఒక చేటుకు మరో చేటును తెచ్చుకోవడం. చక్కెర లేని చూయింగ్ గమ్ కొంత నయమే కానీ, దవడ నొప్పి ఉన్నవారికి అదీ తగదు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు మారుతుందన్న మాటను మాత్రం నమ్మనక్కరలేదు: లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు చూసినప్పుడు, కొత్త అలవాటు కుదురుకోవడానికి 18 నుంచి 254 రోజుల దాకా, సగటున 66 రోజులు పట్టవచ్చని తేలింది.

మూడో దారి అయిన అడ్డుకు బలం తక్కువ. గోళ్లకు రాసే చేదు పూత, పరధ్యానంలో ఉన్నవారిని ఉలికిపాటుతో మేల్కొల్పుతుంది. అంతవరకు అది మళ్లింపుకు మంచి తోడే. పూత పోగానే వేలు మళ్లీ నోటికి చేరుతుంది కనుక, దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. నిద్రలో పళ్లు నూరేవారికి మాత్రం గమనింపు, పట్టుదల రెండూ అక్కరకు రావు కాబట్టి, దంతవైద్యుడు కొలత తీసి చేసిన నైట్ గార్డే శరణ్యం. అది నూరడాన్ని ఆపదు. పళ్లకు తగలాల్సిన అరుగుదలను తాను భరిస్తుంది.

ఈ లెక్కకు లొంగని అలవాటు గట్టిగా తోమడం. గట్టిగా తోమితేనే శుభ్రమన్న నమ్మకంతో తెలిసే చేస్తారు, ఎంత బలం పెడుతున్నారో మాత్రం తెలియదు. ఫలితంగా చిగురు పంటి మీద నుంచి వెనక్కి జారి, పంటి మొదట్లో గాడి పడుతుంది. మెల్లగా తోముతానని తీర్మానించుకోవడం కన్నా, మెత్తని కుచ్చున్న బ్రష్‌ను గుప్పిటతో కాక పెన్నులా వేళ్లతో పట్టుకోవడం సులువు, ఎందుకంటే ఆ పట్టులో బలం ప్రయోగించడమే కష్టం. ఒత్తిడి పెరగగానే హెచ్చరించే ఎలక్ట్రిక్ బ్రష్ ఖరీదైనదే అయినా, ఎంత గట్టిగా నొక్కుతున్నామో అప్పటికప్పుడు తెలియజేస్తుంది కనుక, మెలకువగా ఉన్నప్పుడు వాడే అడ్డుల్లో నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది అదొక్కటే.