విశాఖలో హెడ్‌లైట్లకు ఏంజెల్ ఐస్ రింగులు వేయిస్తున్నారా? డూమ్ విప్పనిచ్చే ముందు ఇది చదవండి

“గంటన్నరలో రెండు వైపులా రింగులు వేసి బండి ఇచ్చేస్తాం” అనే షాపులో హెడ్‌లైట్ మీద చెయ్యి వేయనివ్వకండి. ఏంజెల్ ఐస్ అంటే హెడ్‌లైట్‌లో బల్బు లేదా లెన్సు చుట్టూ గుండ్రంగా వెలిగే రింగులు, అవి గ్లాసు లోపల కూర్చోవాలి. అంటే కంపెనీలో మూసి పంపిన డూమ్‌ని, అంటే గ్లాసుతో సహా హెడ్‌లైట్ పెట్టెని, విప్పి మళ్లీ మూయాలి. బంపర్ దింపడం దగ్గర్నుంచి ఆఖరున నీళ్లు కొట్టి చూడటం దాకా లెక్కేస్తే రోజంతా పట్టే పని. గంటన్నరలో అయిపోయిందంటే మధ్యలో ఏదో ఎగ్గొట్టారు. ఎండాకాలంలో చేయించుకున్నవాళ్లకు ఆ తేడా వెంటనే తెలియదు. అక్టోబరు, నవంబరు వానల్లో గ్లాసు లోపల నీటి బొట్లు నిలిచాక వెళ్తే “వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ సార్” అంటారు. ఆ మాటకు సర్దుకుపోయి వెనక్కి రావద్దు. ఇదే గాలిలో విప్పని హెడ్‌లైట్లు ఏళ్ల తరబడి పొడిగానే ఉంటున్నాయి.

ముందు మీ బండి డూమ్‌కి గ్లాసుని అంటించిన సీలు ఏ రకమో అడగండి. బ్యూటైల్ అయితే నల్లగా, బంకగా ఉంటుంది, వేడికి మెత్తబడుతుంది. అలాంటి డూమ్‌ని బల్బులు, రబ్బరు మూతలు, స్క్రూలు, క్లిప్పులు అన్నీ తీసేసి, సుమారు 100 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది పది నిమిషాలు ఉంచి, చుట్టూ కొంచెం కొంచెంగా లాగి విప్పాలి. పాలీయురేథేన్ లాంటి గట్టి సీలు వేడికి లొంగదు. దాన్ని వేడిగాలి ఊదే హీట్ గన్‌తో ఒకే చోట కాల్చి స్క్రూడ్రైవర్‌తో పెకిలించి విప్పుతారు. గ్లాసు అంటున్నా అది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్, 147 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది, హీట్ గన్ మూతి దగ్గర వేడి అంతకు రెండింతలు దాటుతుంది. అంచు ఒక్క మిల్లీమీటరు వంకరపోయినా తర్వాత ఎంత జిగురు పోసినా నీళ్లు ఆగవు. మీది గట్టి సీలు అయితే ఈ ఆలోచన మానుకోమనే మేం చెబుతాం.

మూసేటప్పుడు పాత బ్యూటైల్ మొత్తం గాడిలోంచి లాగేసి కొత్త బ్యూటైల్ తాడు పరచాలి, మళ్లీ వేడిచేసి, క్లాంపులు బిగించి చల్లారనివ్వాలి. చాలాచోట్ల జరిగేది వేరు. పాత బంక మీదే గ్లాసు నొక్కేసి, బయట చుట్టూ సిలికాన్ పూస్తారు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అయితే ఆరేటప్పుడు ఆమ్లపు ఆవిరి వదులుతుంది, బల్బు కాంతిని ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ మీది పల్చటి అల్యూమినియం పూత దానికి మసకబారుతుంది. రింగుని ఫెవిక్విక్ రకం జిగురుతో అంటిస్తే ఇంకా ఘోరం, ఆ ఆవిరి గ్లాసు లోపల తెల్లటి పొరలా పేరుకుంటుంది. మెరుపు కోసం రిఫ్లెక్టర్‌ని గుడ్డతో తుడిచారంటే పూత గీతలుపడి ఊడుతుంది, దాన్ని మళ్లీ తెప్పించలేం. డూమ్ వెనక గాలి ఆడటానికి చిన్న రబ్బరు గొట్టమో, ఫోమ్ ముక్కో ఉంటుంది. నీళ్లు రాకుండా అని దాన్ని కూడా సిలికాన్‌తో మూసేస్తే లోపలి చెమ్మ బయటకు పోయే దారే ఉండదు. ఇలాంటి డూములు చాలానే చూశాం.

రింగు ఎక్కడ కూర్చోబెడుతున్నారన్నది దీనికన్నా పెద్ద సంగతి. 2000లో బీఎండబ్ల్యూ 5 సిరీస్‌తో ఈ రింగులు పేరు తెచ్చుకున్నప్పుడు అవి హెడ్‌లైట్‌తో పాటే డిజైన్ అయ్యాయి. ప్రొజెక్టర్ (గుండ్రటి లెన్సు గుండా కాంతిని పంపే అమరిక) ఉన్న డూమ్‌లో ఆ లెన్సు చుట్టూ రింగు పెడితే కాంతికి అడ్డు ఉండదు. మామూలు హెచ్4 బల్బు (డిమ్, బ్రైట్ రెండూ ఒకదాన్లోనే ఉండేది), రిఫ్లెక్టర్ ఉన్న డూమ్‌లో బల్బు చుట్టూ రింగు పెడితే కాంతిని మలిచే రిఫ్లెక్టరే కొంత కప్పబడిపోతుంది. హెచ్4 లో డిమ్ వెలుగు రిఫ్లెక్టర్ పైసగం నుంచే వస్తుంది, రింగు పైభాగం సరిగ్గా అక్కడే అడ్డం. సిటీలో వీధి దీపాల కింద తెలియదు. అనంతగిరి మీదుగా అరకు ఘాట్ ఎక్కేటప్పుడు, పొగమంచులో మలుపు అంచు కనబడకపోతే అప్పుడు తెలుస్తుంది. పైగా 55 వాట్ల హాలోజన్ బల్బు పక్కన డబుల్ సైడ్ టేపు నిలవదు. రింగు జారి లోపలే వేలాడుతుంది, తీయాలంటే మళ్లీ డూమ్ విప్పాల్సిందే.

ఇక వైరింగ్. ఇంజన్ నడుస్తుంటే కారులో వోల్టేజి 13.8 నుంచి 14.4 దాకా ఉంటుంది. కరెంటుని స్థిరంగా ఉంచే సర్క్యూట్ (దీన్నే డ్రైవర్ అంటారు) లేకుండా రెసిస్టర్ మాత్రమే ఉన్న చౌక ఎల్ఈడీ రింగులు ఆ వోల్టేజికి వేడెక్కి, ఒక్కో ముక్కా ఆరిపోతూ వస్తాయి. ఈ డ్రైవర్ ప్రతి రింగుకీ విడిగా ఉండాలి, దాన్ని డూమ్ బయట బిగించాలి. పార్కింగ్ లైటు వైరుని గీకి, మెలిపెట్టి, టేపు చుట్టే పని ఒప్పుకోకండి. బీచ్ రోడ్డు, భీమిలి వైపు తిరిగే బండ్లలో ఉప్పుగాలికి ఆ ముడి పచ్చగా చిలుమెక్కుతుంది. టంకం పెట్టి, వేడికి ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుంటే ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, తాళం తిప్పితేనే కరెంటు ఇచ్చే రిలే (ఇగ్నిషన్‌తో పనిచేసే స్విచ్చు) తప్పనిసరి. రెండు రింగులు కలిపి 12 వాట్లు అనుకుంటే ఒక ఆంపియర్. రాత్రి పది గంటలు వెలిగితే 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీలో దాదాపు మూడోవంతు పోతుంది. లైట్లని కంప్యూటర్ (బాడీ కంట్రోల్ మాడ్యూల్) నడిపే కొత్త బండ్లలో పగలు వెలిగే డీఆర్ఎల్ లైట్ల వైరుకి కలిపితే రింగులు మిణుకుమనొచ్చు, వైరు కోశారంటే ఎలక్ట్రికల్ వారంటీ క్లెయిమ్‌ని కంపెనీ తిరస్కరించొచ్చు.

చట్టం సంగతీ చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దు పెడుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ముందు వైపు ఎర్ర వెలుగు చూపడం కేంద్ర నియమాల్లోనే నిషేధం, కాబట్టి రంగులు మారే రింగులు అసలు వద్దు.

ఇంతా తెలిసి చేయిస్తామంటే, బండి ఇచ్చే ముందు రాత్రి సమతలంగా ఉన్న చోట గోడకి ఎదురుగా నిలిపి, డిమ్ వెలుగు పై అంచుని సుద్దతో గీయండి, బండి నిలిపిన చోటు కూడా గుర్తుపెట్టుకోండి. పని అయ్యాక అదే చోట నిలిపి పోల్చండి. డబ్బు ఇచ్చే ముందు మీ ఎదుటే పది నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టించి, తర్వాత ఇరవై నిమిషాలు హెడ్‌లైట్లు వెలిగించి చూడండి. మూలల్లో పల్చటి ఆవిరి పట్టి కాసేపటికి పోతే అది గాలి గొట్టం పనిచేస్తోందనే గుర్తు. బొట్లుగా నిలిచినా, అడుగున నీరు చేరినా సీలు పోయినట్టే. డూమ్ విప్పి మూసిన సంగతి, సీలుకి ఎన్ని నెలల పూచీ ఇస్తున్నారో బిల్లు మీద రాయించుకోండి.

ఇప్పటికే నీళ్లు చేరిన డూమ్ ఉన్నవాళ్లు గ్లాసుకి కన్నం పెట్టి నీళ్లు తీయనివ్వకండి. రింగుల ఫ్యూజు తీసేయండి. బల్బు మూతలు తెరిచి, డూమ్‌ని నీడలో ఆరబెట్టి, బయటి సిలికాన్ పూర్తిగా గీకించి, కొత్త బ్యూటైల్‌తో మూయించండి. అప్పటికే రిఫ్లెక్టర్ మసకబారి ఉంటే ఆ ఖర్చు కూడా పెట్టొద్దు, డూమ్ మార్చండి.